గురి తప్పిన ఆటగాడికి సన్మానం

కొల్లేరు చూసి వచ్చానంటే మా అనంతపురంలో ఒక్కరు కూడా కొల్లేరు ఎలా ఉందని అడగలేదు. "ఆ తెల్లాయనతో నువ్వెందుకు పోయినావు?" అని మాత్రం అందరూ అడిగారు. నిజమే. జీవితమంతా బడిపిల్లల చేత కబడ్డీ ఆడించి రిటైరైన డ్రిల్లు టీచరు, అరవై దాటిన ఆడమనిషి, ఒక ఆస్ట్రేలియా వాణ్ణి వెంటబెట్టుకుని కోస్తాకు ఎందుకు పోతుంది? ఒక్కొక్కరికీ విడివిడిగా చెప్పే ఓపిక లేక ఇలా రాస్తున్నాను. చదివినవాళ్ళు చదవనివాళ్ళకు చెప్పండి.

అతని పేరు కాలిన్. నా ఈడువాడే. మా ఊరి దగ్గర పిల్లలకు ఆటలు నేర్పే సంస్థ ఒకటి ఉంది. వాళ్ళు అతన్ని కొన్నాళ్ళు శిక్షణ ఇమ్మని పిలిపించుకున్నారు. అతని ఇంగ్లీషు పిల్లలకు అర్థం కాదు, పిల్లల తెలుగు అతనికి అర్థం కాదు, అందుకని మధ్యలో నన్ను పెట్టారు. అతని ఇంగ్లీషు నాకూ సగమే అర్థమయ్యేది. మిగతా సగం నా సర్వీసు అనుభవంతో పూరించేదాన్ని. ఎవరికీ తేడా తెలియలేదు.

పని ముగిశాక, దేశం వదిలిపోయే లోపల గూడబాతుల్ని చూడాలన్నాడు కాలిన్. గూడ అంటే కాలవలోంచి నీళ్ళు తోడే బుట్ట. అలాంటి సంచీ ముక్కు కింద వేలాడేసుకుని తిరిగే పెద్ద పక్షి అది. వాళ్ళ దేశంలోనూ ఉంటుందట. మా జిల్లాలో గూడబాతు సంగతి దేవుడెరుగు, అది గూడు కట్టుకోవడానికి నీళ్ళ పక్కన చెట్టు దొరకడమే కష్టం. కొల్లేరుకు పోవాలన్నాను. ఏలూరులో నాతో పాటు ట్రైనింగు చేసిన సుగుణ ఉంది, ఎన్నేళ్ళుగానో రమ్మంటోంది. తోడుగా నన్ను రమ్మన్నాడు. టికెట్టు అతనే కొంటానన్నాడు కాబట్టి నేను పెద్దగా బెట్టు చేయలేదు.

ఏలూరు: బెల్లం పడిన పులుసు

సుగుణ నాన్నగారు మిషను బడిలో పంతులుగా చేశారు. ఆమె కూడా అదే బడిలో చేరి, అక్కడే రిటైరయింది. మేము ఆటో దిగీ దిగకముందే గుమ్మంలోకి వచ్చి, "రండి రండి అన్నయ్యగారూ, ప్రయాణం బాగా జరిగిందాండీ?" అని కాలిన్‌ను పలకరించింది. అతనికి ఒక్క ముక్క అర్థం కాలేదు. అయినా దండం పెట్టాడు. పక్కింటావిడ గోడ మీదుగా తొంగి చూస్తే, "పద్మకి అన్నయ్యగారండి, ఆస్ట్రేలియా నుంచి వచ్చేరు" అని చెప్పేసింది. ఆవిడ కూడా, "అలాగాండీ, సంతోషమండి" అని తల లోపలికి తీసుకుంది. మా ఊళ్ళో అన్ని వారాలున్నా అతను తెల్లాయనగానే ఉండిపోయాడు. ఏలూరులో అడుగు పెట్టగానే నాకు అన్నయ్యయ్యాడు. ఇంత సులువని తెలిస్తే మా ఊళ్ళో నేనే ఆ పని చేసి ఉండేదాన్ని.

మా వైపు "తిను" అంటే తినమనే, "చాలు" అంటే చాలుననే. ఏలూరులో "చాలండి" అంటే ఇంకొంచెం వడ్డించమని అర్థం. కాలిన్ మూడుసార్లు చాలన్నాడు, మూడుసార్లూ చేపముక్క పడింది. పులుసు బాగానే ఉంది గానీ అందులో బెల్లం వేశారు. మా వైపు చేపల పులుసులో బెల్లం వేసిన కోడలి గురించి బంధువులందరూ కూర్చుని మాట్లాడుకుంటారు. ఆ మాటే సుగుణతో అంటే, "మీ వైపు కారానికి నాలుకలు చచ్చిపోయాయమ్మా, రుచి ఎక్కడ తెలుస్తుంది?" అంది. గోదావరి వాళ్ళు తిట్టినా చక్కగా తిడతారు.

కాలిన్ చేత్తో తినాలని పట్టుబట్టాడు. కానీ అతని వేళ్ళు మూసుకోవు. ఆటలో ఎన్నిసార్లు విరిగాయో, ఏ వేలు ఎటు తిరిగిందో అతనికే లెక్క లేదు. అన్నం సందుల్లోంచి జారిపోతోంది. సుగుణ లోపలికి వెళ్ళి ముగ్గురికీ మూడు చెంచాలు తెచ్చింది. తనూ చెంచాతోనే తింది. నాకూ తప్పలేదు.

భోజనమయ్యాక, "అన్నయ్యగారు ఏం ఆట ఆడేవారండీ?" అని అడిగింది. ఆ ఆట గురించి చెప్పడం నాకు అలవాటే. క్రికెట్టు మైదానమంత చోటు, ఒలవని కొబ్బరికాయ ఆకారంలో బంతి. దాన్ని కాలితో తన్నవచ్చు, పిడికిలితో గుద్దవచ్చు, పట్టుకుని పరుగెత్తవచ్చు, ఎదుటివాడి భుజమెక్కి గాలిలో అందుకోవచ్చు. "మరి చెయ్యకూడనిదేంటండీ?" అంది సుగుణ. కాలిన్ కాసేపు ఆలోచించి, పెద్దగా ఏమీ లేదన్నాడు.

గోధుమ పొలాల మధ్య చిన్న ఊరు అతనిది. తండ్రి గొర్రెల బొచ్చు కత్తిరించే పని చేసేవాడు. పదిహేడేళ్ళకే పట్నం క్లబ్బు వాళ్ళు వచ్చి తీసుకుపోయారు. పన్నెండేళ్ళు ఆడాడు. పేరొచ్చింది, డబ్బొచ్చింది, ముక్కు విరిగింది, మోకాలు పోయి లోహపుది వచ్చింది. ఆట మానేశాక బారు పెడితే మునిగింది. కార్లు అమ్మాడు. కొన్నవాళ్ళంతా కారు కంటే ఆట గురించే ఎక్కువ మాట్లాడేవారట. భార్య విసిగి వెళ్ళిపోయింది. చివరికి చిత్తడి నేలల్లో పక్షులకు కాపలా కాసే ఉద్యోగం దొరికితే, రిటైరయ్యేదాకా అదే చేశాడు. "పక్షులకు ఆట తెలియదు. అందుకే బాగుండేది" అన్నాడు. సుగుణ దానికి నవ్వింది. నేనూ నవ్వాను. ఆ మాటలో నవ్వాల్సింది ఏమీ లేదని మర్నాటికి గానీ తెలియలేదు.

మర్నాడు పొద్దున కాలవ గట్టున తేగలు అమ్ముతుంటే కొన్నాను. కట్ట ఇరవై రూపాయలు. ఉడికించిన తాటి తేగను చీల్చి, నడిమి ఈనె తీసేసి తినాలని చెప్పే లోపలే కాలిన్ పైతొక్కతో సహా నమలడం మొదలుపెట్టాడు. అమ్మే ఆమె కంగారుపడి, "అయ్యో, అలాక్కాదండీ బాబుగారూ" అని చేతిలోంచి లాక్కుని, ఒలిచి ఇచ్చింది. పారేసినదానికి బదులు ఇంకొకటి ఊరికే ఇచ్చింది. మా ఊళ్ళో అయితే తొక్కతో తిన్నవాడి కథ సాయంత్రానికి ఊరు దాటేది.

కొల్లేరు: గూడబాతుల సాక్షిగా

కొల్లేరెక్కడ అని దారి పొడవునా అడుగుతూనే ఉన్నాను. అందరూ చేతులు చాచి, "ఇదంతా కొల్లేరేనండి" అన్నారు. చూస్తే చేపల చెరువులు. గట్టు పక్కన గట్టు, చెరువు పక్కన చెరువు, మేత బస్తాల లారీలు. సరస్సు ఉన్న చోట సరస్సు కోసం వెతుక్కోవడం నాకు కొత్త. నీళ్ళు లేని జిల్లాదాన్ని కాబట్టి ఎన్ని నీళ్ళు కనబడినా చాలనుకున్నాను.

చివరికి పక్షులుండే చోటుకు చేరి పడవ మాట్లాడుకున్నాం. నడిపే ఆయన పేరు యేసుపాదం. కాలిన్ ఎక్కబోయి లోహపు మోకాలు వంగక బురదలో కూరుకున్నాడు. కాలు పైకొచ్చింది గానీ చెప్పు రాలేదు. యేసుపాదం మోచేతిదాకా చెయ్యి పెట్టి వెతికి తీసి, కాలవ నీళ్ళలో కడిగి మరీ ఇచ్చాడు. "కొల్లేరు ఏదీ ఉంచుకోదండి, అడిగితే ఇచ్చేస్తాదండి" అన్నాడు.

గూడబాతుల్ని చూశాం. చెట్ల మీద, కర్రల మంచెల మీద వందలుగా ఉన్నాయి. అంత బరువైన పక్షి అంత సన్నని కొమ్మ మీద ఎలా నిలబడుతుందో తెలియదు. ఒకటి రెక్కలు కదపకుండా మా తల మీదుగా పోయింది. కాలిన్ నోరు తెరుచుకుని చూస్తున్నాడు. అంతలో అతని ఫోను మోగి ఆగిపోయింది. చూసుకుని జేబులో పెట్టేశాడు. ఇక ఆ తర్వాత పక్షుల వంక చూడలేదు.

ఎవరని అడిగాను. బ్యారీ అన్నాడు, పాత కెప్టెన్. ఊపిరితిత్తుల జబ్బు, ఇక ఎక్కువ రోజులు లేడు. వాళ్ళ క్లబ్బు ఎన్నో ఏళ్ళకు ఒకే ఒక్కసారి ఫైనల్ దాకా వచ్చింది. ఆ జట్టులో మిగిలినవాళ్ళు ఏటా ఒకరోజు బ్యారీ ఇంట్లో కలుస్తారు, ఆ ఆట టేపు వేసుకుని చూస్తారు. ఈసారి వచ్చే శనివారం. కాలిన్ ఇంతవరకూ ఒక్కసారి కూడా వెళ్ళలేదు. ఒక ఏడు జ్వరమన్నాడు, ఒక ఏడు పక్షుల లెక్క అన్నాడు, ఈసారి ఇండియా అన్నాడు. మా పిల్లల అదృష్టం కొద్దీ దొరికాడనుకున్న శిక్షకుడు నిజానికి శనివారం నుంచి పారిపోయి వచ్చాడన్నమాట.

"ఎందుకు వెళ్ళవు?"

అప్పుడు చెప్పాడు. ఆ ఆటలో రెండు కొసల్లోనూ నాలుగేసి కర్రలు పాతి ఉంటాయి. నడిమి రెండూ పొడుగు, అటూ ఇటూ ఉన్నవి పొట్టి. పొడుగు కర్రల మధ్య నుంచి తన్నితే ఆరు పాయింట్లు. పొడుగుకీ పొట్టికీ మధ్య నుంచి పోతే, అంటే గురి తప్పితే, ఒక్కటి. ఫైనల్లో వాళ్ళు రెండు పాయింట్లు వెనకబడి ఉండగా కాలిన్ బంతిని గాలిలో అందుకున్నాడు. అలా అందుకున్నవాడికి, ఆట ముగిసిన సైరను మోగిపోయినా, నిలబడి ఒక్కసారి తన్నే హక్కు ఉంటుంది. మోగింది. తన్నాడు. ఎడమ పక్కకు పోయింది. ఒక్క పాయింటుతో ఓడిపోయారు.

ఆ తర్వాత పెట్రోలు బంకువాడు చిల్లర ఇస్తూ, "ఇంకా ఎడమకే పోతోందా?" అంటాడు. పళ్ళ డాక్టరు నోట్లో పరికరం పెట్టి అదే అడుగుతాడు. మొగుడు కొట్టినందుకు కాదు, తోడికోడలు నవ్వినందుకు ఏడ్చినట్టుంది ఇతని సంగతి అనుకున్నాను. కానీ కాలిన్ అసలు బాధ బంకువాడి గురించి కాదు. "బ్యారీ ఇంట్లో ఏటా అందరూ కూర్చుని నా తన్ను చూస్తారు. వాళ్ళ మొహాలు నేను చూడలేను. ఆ టేపు నేనింతవరకూ చూడలేదు. ఈసారి వెళ్ళకపోతే బ్యారీని మళ్ళీ చూడలేను. వెళ్తే అది చూడాలి" అన్నాడు.

యేసుపాదం పడవ నెట్టే గెడ ఆపి, "ఏవంటున్నారండీ?" అని అడిగాడు. తన పడవలో తనకు తెలియని దుఃఖం ఉండటం అతనికి నచ్చలేదు. చెప్పాను. అంతా విని, "తప్పినా ఒకటిస్తారాండి? ధర్మమైన ఆటండి" అన్నాడు. కాలిన్‌కు అనువదించాను. "నేను మీ దేశంలో పుట్టవలసింది" అన్నాడు.

పెదపాడు: బిల్లు కట్టేసిన పెద్దమనిషి

తిరుగుదారిలో పెదపాడులో పునుగులు తినడానికి ఆగాం. పక్క బల్ల దగ్గర తెల్లని పంచె, భుజాన కండువాతో ఒకాయన మమ్మల్నే చూస్తున్నారు. "ఏవండీ, వారిది ఏ ఊరండీ?" అన్నారు. చెప్పాను. "ఏం చేస్తారండీ?" అన్నారు. ఒకప్పుడు ఆటగాడు అన్నాను. అంతే, నేను చేసిన పొరపాటు అదే. ఆయన కళ్ళు పెద్దవయ్యాయి.

ఆయన వెంకటరత్నం గారు. చేపల చెరువులున్నాయి. ఉంగుటూరు అవతల ఒక ఊళ్ళో నాటక పరిషత్తుకు అధ్యక్షులు. మర్నాడు సాయంత్రం నుంచి పద్యనాటకాలున్నాయి. ముందుగా ఎవరికైనా సన్మానం చెయ్యాలి. ఈ ఏడు చెయ్యవలసిన పెద్దమనిషికి ఒంట్లో బాగాలేదు. శాలువా కొని ఉంది, మనిషి లేడు.

కాలిన్ వద్దన్నాడు. "పెద్దవాళ్ళు అలాగే అంటారండి" అన్నారు వెంకటరత్నం గారు. నేనూ వద్దన్నాను. "ఆయ్, మీరూ అంటారండి" అన్నారు. ఎల్లుండి పొద్దున్నే తాడేపల్లిగూడెంలో రైలెక్కాలి అన్నాను. "మరీ మంచిదండి, మా ఊరు దారిలోనే. రాత్రి మా ఇంట్లో పడుకుని, పొద్దున్నే కారులో దింపుతామండి." లేచి వెళ్ళబోతే మా పునుగుల బిల్లు ఎప్పుడో కట్టేశారని తెలిసింది. ఎనభై రూపాయల పునుగులు తిన్నాక కాదనడానికి మాకు మొహం లేకపోయింది. పోతూ పోతూ కాలిన్ పూర్తి పేరు రాయించుకుని, ఫోనుతో ఒక ఫోటో తీసుకున్నారు. ఫోటోలో అతని చేతిలో పునుగు ఉంది.

ఉంగుటూరు అవతల: వన్స్‌మోర్

ఊరి మొదట్లోనే ఫ్లెక్సీ కనబడింది. కాలిన్ ఒక పక్క, ఇంకో పక్క కంగారూ, నడుమ ఎందుకో క్రికెట్టు బ్యాటు. "ఆస్ట్రేలియా క్రీడా దిగ్గజానికి స్వాగతం సుస్వాగతం." పునుగును చెరిపేసి అక్కడ తామరపువ్వు పెట్టారు. కాలిన్ కారు దిగి చాలాసేపు చూశాడు. వాళ్ళ ఊళ్ళో అతని పేరు ఎక్కడా రాయలేదట, ఒక మరుగుదొడ్డి గోడ మీద తప్ప.

వేదిక ముందు ఊరంతా ఉంది. ఆడవాళ్ళు చాపలు తెచ్చుకున్నారు, పెద్దవాళ్ళు ప్లాస్టిక్ కుర్చీలు తెచ్చుకున్నారు. శాలువా కప్పారు, దండ వేశారు. తర్వాత వెంకటరత్నం గారు మైకు అందుకుని, "ఇప్పుడు వారి జీవితంలోని మహత్తర ఘట్టాన్ని తెర మీద చూద్దామండి! మా మనవరాలు ఫోన్లో వెతికి పట్టుకుందండి" అన్నారు.

కాలిన్ పేరు వెతికితే ఇంకేం దొరుకుతుంది? లేచి ఆయన చెవిలో వద్దని చెప్పే లోపల తెర వెలిగింది.

ఆ ముక్కను పెళ్ళి వీడియోలు చేసే షాపులో ఇచ్చి తీర్చిదిద్దించారు. కామెంటరీ తీసేసి డప్పులు పెట్టారు. భుజాల దాకా జుట్టున్న ఒక కుర్రాడు బంతి పట్టుకుని నిలబడి ఉన్నాడు. నెమ్మదిగా, మరీ నెమ్మదిగా పరుగెత్తాడు. అతని మీద గులాబీ రేకులు రాలుతున్నాయి. తన్నాడు. బంతి గాలిలో తిరుగుతూ ఎడమ పక్కకు పోయింది. తెల్లకోటు వేసుకున్న అంపైరు ఒక వేలు చూపించి, జెండా ఊపాడు. పిచ్చెక్కినట్టు జనం లేచారు. కుర్రాడు మోకాళ్ళ మీద కూలబడి నేలకు మొహం ఆనించాడు. చుట్టూ గులాబీలు.

"విజయానందం పట్టలేక పడిపోయారండి!" అన్నారు వెంకటరత్నం గారు. చప్పట్లు మోగిపోయాయి.

కాలిన్ తెర వంక చూడలేదు. బల్ల కింద తన పాదాల వంక చూసుకుంటున్నాడు. నాకు కోపమొచ్చింది, ఎవరి మీదో తెలియలేదు. అంతలో వెనక నుంచి ఎవరో, "వన్స్‌మోర్!" అని కేక పెట్టారు. ఇక చుట్టూ అందుకున్నారు. ఆ ప్రాంతంలో నటుడు పద్యం బాగా పాడితే మళ్ళీ పాడేదాకా నాటకాన్ని ముందుకు కదలనివ్వరు. చచ్చిపడిన పాత్ర కూడా లేచి మళ్ళీ పాడి చావాలి. తెర మీద కుర్రాడు మళ్ళీ తన్నాడు. మళ్ళీ ఎడమకే పోయింది. మళ్ళీ గులాబీలు. "వన్స్‌మోర్!"

మూడోసారి అవుతుండగా కాలిన్ లేచి మైకు అడిగాడు. నేను పక్కన నిలబడ్డాను.

"నేను గురి తప్పాను" అన్నాడు. "అది పొడుగు కర్రల మధ్య నుంచి వెళ్ళాలి. వెళ్ళలేదు. మేము ఒక్క పాయింటుతో ఓడిపోయాం. నా వల్ల." అక్షరం పొల్లుపోకుండా తెలుగు చేశాను. ఆ రోజు మాత్రం సొంత అనుభవం ఏమీ కలపలేదు.

వెంకటరత్నం గారు కళ్ళు తుడుచుకుని మైకు తీసుకున్నారు. "చూశారాండీ! ఎంతటివారైనా ఎంత వినయమండీ! మన పిల్లలు నేర్చుకోవలసింది ఇదేనండి!" చప్పట్లు ఇందాకటి కంటే ఎక్కువయ్యాయి.

"కాదండీ, నిజంగానే తప్పాడండీ" అన్నాను నేను.

"వారి వినయాన్ని మేడం గారు ఎంత చక్కగా అనువదించారోనండి!" అని నాకు కూడా ఒక శాలువా కప్పేశారు. సన్మానం చేయించుకునేవాడు నేనెంతటివాణ్ణి అనడం ఆనవాయితీ అయిన చోట నిజం చెప్పడానికి దారే లేదు. వాళ్ళ ఊళ్ళో తప్పును మరిచిపోనివ్వరు, ఈ ఊళ్ళో ఒప్పుకోనివ్వరు. "వన్స్‌మోర్!" అన్నారు మళ్ళీ.

నాలుగోసారి కాలిన్ చూశాడు. ఇక చేసేదేముంది, తల ఎత్తి మొదటి నుంచి చివరి దాకా చూశాడు. కుర్రాడు పడిపోయాక నా వైపు వంగి, "నేను అంత చిన్నవాణ్ణని అనుకోలేదు" అన్నాడు. "ఇన్నేళ్ళూ తిట్టుకుంటున్నది ఈ పిల్లవాణ్ణా?" అతని కళ్ళల్లో నీళ్ళున్నాయి. నవ్వుతున్నాడు కూడా. నా శాలువా కొస అతని చేతికిచ్చాను. నేను ఆట నేర్పిన ఏ పిల్ల ఓడిపోయి ఏడ్చినా కొంగు ఇలాగే ఇచ్చేదాన్ని.

వేదిక వెనక్కి వెళితే కుర్చీలో రాజు వేషంలో ఉన్న నటుడు పెదాల రంగు పోకుండా గొట్టంతో టీ తాగుతున్నాడు. పెద్దవయసువాడే. నన్ను చూసి, "తప్పేసింది కదండీ, ఆ బంతి?" అన్నాడు.

ఉలిక్కిపడ్డాను. "మీకెలా తెలుసండీ?"

"నాకేంటండి, అందరికీ తెలుసండి. పడిపోయినప్పుడు ఆయన వీపు చూస్తే తెలీదాండీ? గెలిచినోడి వీపు అలా ఉండదండి. కానీ శాలువా కప్పటానికి పిలిచి, తప్పేవని ఎవరంటారండీ?"

"మరి వన్స్‌మోర్ ఎందుకన్నారు?"

"ఈసారైనా పడుద్దేమోనని అండి" అన్నాడు. "నాటకమూ అంతేనండి. రాజు అడవికి పోతాడని అందరికీ తెలుసండి. అయినా ఈసారి పోడేమోనని చూత్తారండి." కిరీటం సర్దుకుని వేదిక ఎక్కేశాడు.

ఆ మాట కాలిన్‌కు చెప్పాను. అతను శాలువా విప్పకుండానే నాటకం చూస్తూ కూర్చున్నాడు. ఒక్క పద్యమూ అర్థం కాకపోయినా అందరితో పాటు వన్స్‌మోర్ అని అరిచాడు. ఒకసారి అరవకూడని చోట కూడా అరిచాడు. పాపం, నటుడు మళ్ళీ పాడాడు.

గూడెం: రైలు వచ్చే లోపల

తాడేపల్లిగూడేన్ని అక్కడివాళ్ళు గూడెం అంటారు. ఉల్లిపాయల లారీల మధ్య నుంచి కారు పోతుంటే అద్దాలు వేసి ఉన్నా వాసన ఘాటుగా కొట్టింది. వెంకటరత్నం గారు స్టేషను దాకా వచ్చి, ఒక డబ్బా నిండా రొయ్యల పచ్చడి చేతిలో పెట్టి, "మళ్ళీ రావాలండి, వచ్చే ఏడు ఇంకా పెద్ద తెర పెడతామండి" అన్నారు. తెలిసే అన్నారో, తెలియకే అన్నారో ఆ మొహంలో దొరకలేదు. కోస్తా మర్యాద లోతు నాకు అందదని ఒప్పేసుకున్నాను.

రైలు ఆలస్యమన్నారు. కాలిన్ బెంచీ మీద కూర్చుని ఫోనులో విమానం టికెట్టు మార్చుకున్నాడు. తర్వాత బ్యారీకి ఫోను చేశాడు. ప్లాట్‌ఫారం గోలలో వినబడక స్పీకరు పెట్టాడు కాబట్టి నాకూ వినిపించింది.

"బ్యారీ, శనివారం వస్తున్నాను."

అటు పక్క చాలాసేపు దగ్గు. "ఇండియాలో ఉన్నానన్నావు?"

"వచ్చేస్తున్నాను. మీతో కూర్చుని టేపు చూస్తాను."

"చివరి దాకానా?"

"చివరి దాకా. నిన్న ఇక్కడ చూశాను. నాలుగుసార్లు వేశారు, నాలుగోసారి చూశాను. ఊరందరితో కలిసి."

ఈసారి దగ్గు కూడా లేదు. ఫోను తెగిందేమోనని కాలిన్ చెవి దగ్గర పెట్టుకున్నాడు. అప్పుడు వినబడింది బ్యారీ గొంతు, ఒక్కో మాటకూ ఊపిరి వెతుక్కుంటూ.

"మేమింతవరకూ చూడలేదు, కాలిన్. నువ్వు బంతి అందుకోగానే టేపు ఆపేస్తాం. ప్రతి ఏడూ అంతే. నువ్వు లేకుండా ఎలా చూస్తాం?"

కాలిన్ వంకర వేళ్ళతో నోరు మూసుకుని పట్టాల వంక చూస్తూ ఉండిపోయాడు. పట్టుకోవడానికి నాకు అతని భుజం తప్ప ఏమీ దొరకలేదు. పట్టుకున్నాను. ఎవరైనా చూస్తే చూడనీ, అన్నయ్యే కదా. ఇన్నేళ్ళూ ఎవరి మొహాలు చూడలేక పారిపోతూ వచ్చాడో, వాళ్ళు అన్నేళ్ళూ అతని కోసం బంతిని అతని చేతుల్లోనే ఆపి ఉంచారు. చూడవలసినవాళ్ళు ఒక్కసారీ చూడలేదు, ఉంగుటూరు అవతల ఊరు మాత్రం నాలుగుసార్లు చూసింది.

"కాలిన్? ఉన్నావా?"

"ఉన్నాను" అన్నాడు. "ఈసారి ఆపొద్దు."